హోరెత్తిన సభ

“వంతెన మూసింది అవతలివాళ్లండీ, మేం కాదు. నా చేతిలో ఏముంది చెప్పండి?” అన్నాడు గేటు అధికారి. పొద్దుట్నుంచి అదే మాట చెప్పి చెప్పి ఆయన గొంతు బొంగురుపోయింది.

మైకాయన కదల్లేదు. చేతిలో బట్టల సంచి, కాళ్ల మధ్య నల్లటి పెట్టె. కిటికీలోంచి చూస్తే ఏరు, దాని మీద వంతెన, ఆ చివర పరాయి దేశం జెండా, జెండా వెనకే ఆసుపత్రి తెల్ల మేడ. ఆ మేడలో ఆయన భార్య ఉంది. మధ్యాహ్నం ఆమెకు గుండె ఆపరేషన్.

“ఈ ఊళ్లో ఎవరికి పెద్ద జబ్బు చేసినా అక్కడికే కదా సార్ పోయేది. మా బామ్మర్ది తోడెళ్లాడు. నేను ఒప్పుకున్న సభ ఒకటుండి ఆగిపోయాను. ఆపరేషన్ వేళకు పక్కనుంటానని మాటిచ్చాను.”

“ఏ సభ?”

మైకాయన పెట్టెను కాలితో కుర్చీ కిందికి నెట్టాడు.

“గురువుగారి సభ సార్. నేను మైకులు పెట్టేవాణ్ణి. అంతే.”

అధికారి మొహం చిట్లించాడు. ఆ పొద్దున గురువుగారి మాటెత్తితే ఎవరికైనా ఒళ్లు మండేది. నిన్నటి సభలో ఆయన పక్క దేశం వాళ్ల దేవుణ్ణీ, వాళ్ల తల్లుల్నీ కలిపి ఒక మాట అన్నాడు. రాత్రికల్లా ఆ మాట ఏరు దాటింది. తెల్లారేసరికి వాళ్లు ఈ దేశపు రాయబారిని వెళ్లిపొమ్మన్నారు, వీసాలు ఆపేశారు, వంతెనకు అడ్డంగా ఇనుప కంచె లాగారు. గురువుగారు మాత్రం ఆశ్రమంలో హాయిగా కూర్చుని, “నేనన్నది జనం మనసులోని మాటే” అన్నాడు. ఇలాంటి పెద్దమనుషులకు నోరు జారితే, కాళ్లు విరిగేది మరెవరికో.

“మీరేనా ఆ మైకాయన? మీరు మైకు పెడితే పిల్లి కూడా పులిలా గర్జిస్తుందంటారే!” అన్నాడు అధికారి, కాస్త మెత్తబడి.

ఆ పేరు ఊరికే రాలేదు. పిడికెడు మంది వచ్చిన సభను కూడా నిండుగా వినిపిస్తాడని చుట్టుపక్కల ఆయనకే కబురు పెట్టేవారు. ఆ పెట్టెలో గంటల మోత ఉంది, వేణువు ఉంది, పిట్టల కూత ఉంది. ఏ మీట నొక్కితే ఆ చప్పుడు. దాన్ని ఎక్కడా వదలడని భార్య దానికి ‘సవతి’ అని పేరు పెట్టింది.

ఫోను మోగింది. ఆమే.

“ఏమయ్యా, వంతెన ఎక్కావా?”

“గేటు దగ్గరే ఉన్నానే. తీస్తారు.”

“నాకు చెప్పకు. ఇక్కడ అందరూ అదే మాట్లాడుకుంటున్నారు. పాపం, నన్ను మాత్రం ఎవరూ పల్లెత్తు మాట అన్లేదు. ఒక నర్సమ్మ పొద్దున కూర్చోబెట్టి తల కూడా దువ్వింది. నాకే సిగ్గేసింది.”

“నువ్వు ఎక్కువ మాట్లాడకు. ఆయాసం వస్తుంది.”

“అది కాదయ్యా, నిన్నంత వానలో జనం వచ్చారా అసలు?”

“ఏదో... వచ్చారు.”

“వచ్చి చప్పట్లు కొట్టారా? ఒక్కడు వాగితే పిచ్చోడనుకుని వదిలేస్తారు. సభంతా హోరెత్తిపోయిందట కదా! ఆ కొట్టినోళ్ల చేతులు పడిపోను.”

మైకాయన పెట్టెను కాలితో ఇంకాస్త లోపలికి నెట్టాడు.

“నువ్వు కొట్టలేదు కదా?”

“నేను చేతులు కలపలేదే. ఒట్టు.”

“నాకు తెలుసులే. నా సవతి బాగుందా?”

“ఇక్కడే ఉంది.”

“ఈ ఒక్కసారికీ దాన్ని వదిలేసి నా దగ్గరికి రా. భయంగా ఉందయ్యా.”

ఫోను పెట్టేశాక మైకాయన అధికారి చేతులు పట్టుకున్నాడు. ఆయనా మనిషే. అవతలి గేటుకు ఫోను చేసి బతిమాలాడు. చాలాసేపు మాట్లాడి తల అడ్డంగా ఊపాడు.

“అతనూ మంచివాడే. నిన్నటిదాకా కలిసి టీ తాగినవాళ్లం. పైనుంచి ఆర్డరట. ‘ఒక్కడి నోరు జారితే మన్నించేవాళ్లం, అంతమంది సంతోషించారంటే అది మీ దేశం మనసు’ అన్నాడట వాళ్ల మంత్రి.”

మైకాయన కిటికీ దగ్గర నిలబడి తెల్ల మేడను చూస్తూ ఉండిపోయాడు. ఏ కిటికీ ఆమెదో తెలియదు. ఎండ నడినెత్తికి వచ్చింది, వాలింది. బామ్మర్ది నుంచి ఫోను వచ్చింది.

“బావా...” అని ఏడ్చాడు. “మత్తు ఇచ్చేదాకా తలుపు వైపే చూసింది బావా. మళ్లీ కళ్లు తెరవలేదు.”

మైకాయన నేల మీద కూలబడ్డాడు. ఇన్నేళ్లు ఊరందరికీ గొంతు అరువిచ్చినవాడికి ఏడవడానికి గొంతు లేకపోయింది. అధికారి మంచినీళ్లు తెచ్చి పక్కనే గొంతుక్కూర్చున్నాడు. కోపం పట్టలేక ఆయనే మాట్లాడాడు.

“గురువుగారి మొహం మీదే పెట్టి తీసిన ఆ సభ వీడియో ఎన్నిసార్లు చూశానో. మొదట చల్లగానే మాట్లాడాడండీ. మధ్యలో చిన్న ఎత్తిపొడుపు విసిరాడు. అంతే, చప్పట్లు! ఆయనే ఒక్క క్షణం ఉలిక్కిపడ్డాడు. తర్వాత పూనకం వచ్చినట్టు రెచ్చిపోయాడు. అప్పుడు గనక సభ నిశ్శబ్దంగా ఉండుంటే, ఆ మాట ఆయన నోట వచ్చేదే కాదు. మీ ఆవిడ ఉసురు ఆ కొట్టినవాళ్లకు తగలకుండా పోదు. కానీ అంతమందిలో ఎవరినని అడుగుతాం?”

మైకాయన మెల్లగా వంగి, కుర్చీ కిందనుంచి పెట్టె బయటికి లాగి, అధికారి కాళ్ల ముందు పెట్టాడు.

“నిన్న చప్పట్లు కొట్టింది ఇదొక్కటే సార్.”