డిసెంబరు ముప్పై ఒకటి

"డిసెంబరు దాకానేనా మేడమ్ నేను?"

కాటా దగ్గర పనిచేసే ఏబెల్ పే స్లిప్పు టేబుల్ మీద పెట్టి అడిగాడు. తిరువూరు మామిడి రసం ఫ్యాక్టరీలో జీతాలు చూసే నీహారికకు ముందు అర్థం కాలేదు. స్లిప్పు తీసుకుని చదివింది. 'డయాలసిస్ అలవెన్సు. మొదలు: ఆగస్టు ఒకటి. ముగింపు: డిసెంబరు ముప్పై ఒకటి.'

"రిపోర్టులన్నీ మీకే ఇచ్చాను కదండీ. కిడ్నీ ఇచ్చేవాళ్ళు దొరికితే బతుకుతావన్నారు గానీ, గడువు నాతో చెప్పలేదు. డాక్టరుగారు మీకేమన్నా చెప్పారా? రాత్రి ఇంట్లో ఒకటే ఏడుపులు."

"అయ్యో రామ! నాకెందుకు చెబుతారండీ! చివరి తేదీ వేయకపోతే ఈ కొత్త సాఫ్ట్‌వేర్ ముందుకు కదలదు. పెట్రోలు అలవెన్సుకీ, ఫోను అలవెన్సుకీ డిసెంబరు ఆఖరు వేసుకుంటూ వచ్చాను. మీ దానికీ అదే కొట్టేశాను."

చెబుతుంటే ఆమెకే సిగ్గేసింది. పెట్రోలునూ మనిషి ప్రాణాన్నీ ఒకే గాటన కట్టేసింది! ఒక చేత్తో టీ తాగుతూ, ఫోన్లో స్నేహితురాలు హాసినితో కబుర్లాడుతూ కొట్టిన తేదీ అది. పక్కనున్న పేరు ఒక్కసారి చదివి ఉంటే ఏం పోయేది?

"అంతేనా అండీ? అంటే, ఆ తేదీకి నాకేం కాదుగా?" ఏబెల్ కుర్చీలో కూలబడి, కండువాతో మొహం తుడుచుకున్నాడు. "హమ్మయ్య, ప్రాణం లేచొచ్చింది."

ఆ మాటకు నీహారిక ఇంకా కుంగిపోయింది. తిట్టినా బాగుండేది మనిషి.

"తప్పంతా నాదే ఏబెల్ గారూ. మీ ఆవిడ రూత్ గారికి నేనే ఫోన్ చేసి చెబుతాను. ఉండండి, మీ రిటైర్మెంట్ దాకా పెట్టేస్తా."

కీబోర్డు దగ్గరకు లాక్కుంది. కళ్ళలో నీళ్ళు తిరిగి అంకెలు సరిగా కనబడలేదు.

ఏబెల్ గభాల్న లేచి కీబోర్డు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"మార్చకండి మేడమ్, మీకు దణ్ణం పెడతా. మా ఆవిడక్కూడా చెప్పకండి. పొలం గట్టు తగాదాతో నా మొహమే చూడని మా అన్నయ్యకి రాత్రి మా ఆవిడే ఈ స్లిప్పు తీసుకెళ్ళి చూపించిందండి. కిడ్నీ తనే ఇస్తానని, అన్నయ్య పొద్దున్నే టెస్టులకి విజయవాడ బస్సెక్కాడు."