పిట్టల వంతెన

"పెంగ్ బావా, ముక్కు వెనక్కి తిప్పి కట్టుకున్నావు. నువ్వు పిట్టవా, గుడ్లగూబవా?"

పిట్టల గుంపుకు పెద్ద రాన్. నవ్వుతూనే అతని నల్ల ముసుగు విప్పి, వెనకాల ముడి బిగించి మళ్లీ కట్టింది.

పొద్దు గుంకుతోంది. కొండవాలంతా జనం. పగలు మొక్కజొన్న చేలల్లో పనిచేసే ఊరివాళ్లే సాయంత్రం ఈ ఆటలో పిట్టలవుతారు. విడిపోయిన పశువుల కాపరినీ, ఆకాశంలోని నేతపిల్లనీ ఏడాదికొక్కసారి కలపడానికి పిట్టలు వంతెనగా మారే ఘట్టం వాళ్లది. వరసగా వంగి, పక్కవాళ్ల మణికట్టు పట్టుకుంటారు. నేతపిల్ల ఆ వీపుల మీద నడిచి అవతలికి చేరుతుంది.

పెంగ్‌కి ఆటలో వేషం లేదు. పొగబెట్టిన పందితొడ ఒకటి ఇచ్చి, చిన్ అనే పొరుగువాడి చోటు ఈ ఒక్క పూటకి సంపాదించాడు.

"ఈ వయసులో ఆడపిల్ల చేత తొక్కించుకోవాలని ఏం సరదా బావా?"

"నా వీపు, నా సరదా. నీకెందుకే?"

ఈసారి రాన్ నవ్వలేదు. నేతపిల్ల వేషం వేసేది పెంగ్ కూతురు యింగ్‌లాన్ అని ఊరందరికీ తెలిసిందే.

మావైపు పెళ్లికూతురు పుట్టిల్లు వదిలేటప్పుడు కాలు నేలకు తగలకూడదు. అన్నో తమ్ముడో వీపున మోసుకెళ్లాలి. వాళ్లు లేకపోతే తండ్రి. అయిదేళ్ల కిందట, పరాయి రాష్ట్రపు డప్పులవాణ్ణి చేసుకుంటోందన్న కోపంతో పెంగ్ పెళ్లినాడు పొద్దున్నే చేలోకి వెళ్లిపోయాడు. పిల్ల తన కాళ్లతోనే గడప దాటి కారెక్కింది. అప్పట్నుంచి తండ్రీకూతుళ్లకు మాటల్లేవు.

రేపు ఆమె మొగుడితో అతని రాష్ట్రం యున్నాన్ వెళ్లిపోతోంది. ఇక ఇటు రాదు.

"దానికి మాత్రం చెప్పకు రాన్. తెలిస్తే వంతెన ఎక్కదు."

"ఇంక నేను చెప్పేదేముందిలే బావా. నీ పక్కన కొత్త పిట్టను పెట్టాను. వాగి భయపెట్టకు."

డప్పులు మోగాయి. అందరూ వంగారు. ముసుగులోంచి కాళ్ల కిందున్న నేల తప్ప ఇంకేమీ కనిపించదు. పక్క పిట్ట చేయి సన్నగా, చల్లగా ఉంది. అయినా అతని మణికట్టును గట్టిగా పట్టుకుంది.

"అలాగే పట్టుకో అబ్బాయ్," గొణిగాడు పెంగ్. "మా అమ్మాయొస్తోంది. పడనివ్వకూడదు."

పక్క పిట్ట తల ఇంకాస్త కిందికి వంచింది.

"పెళ్లినాడు దాన్ని మోయలేదురా. చేలో కూర్చుని కంకులు విరిచాను. ఏది పచ్చిదో ఏది ముదిరిందో కూడా చూడలేదు. తప్పు నాదేనని దాని ఎదటపడి చెబుదామంటే నోరు పెగలదు."

పక్క చేయి వణకసాగింది.

"నీకేమైందిరా? మోసేది నేను కదా!"

వీపు మీద ఒక అడుగు పడింది. ఆ వెంటనే ఇంకొకటి. పెంగ్ ఊపిరి బిగబట్టాడు. బరువు దాటిపోయాక, ముసుగులోనే కన్నీళ్లు కారిపోయాయి.

"ఎంత తేలికైపోయిందో చూశావా? సరిగ్గా తింటున్నట్టు లేదు."

కొండ అదిరేలా చప్పట్లు. దీపాలు ఆరాయి. కూతురి కంట పడకుండా పోవాలి. పెంగ్ పక్క పిట్ట భుజం తట్టాడు.

"బాగా పట్టుకున్నావురా. సల్లగా ఉండు."

ముసుగు తీసి అక్కడే పడేసి, వెనక కాలిబాట పట్టాడు. "బావా, ఆగు! ఒక్క మాట!" అని రాన్ అరిచింది. వినబడనట్టే చీకట్లో కలిసిపోయాడు.

సంగతి ముందే తెలిసి, తండ్రి వీపు మీద కాలు మోపడానికి మనసొప్పక, నేతపిల్ల వేషం వేరే పిల్లకిచ్చేసి పిట్టల్లో చేరిన యింగ్‌లాన్, ఆ తండ్రిలాగే నోరు పెగలక, ముసుగు ముడి విప్పుకుంటూ అక్కడే నిలబడిపోయింది.