ఒళ్లో తెల్లపిల్లి

ఉద్యోగం మానేసిన కెరోలిన్ స్థానంలో మహిత నిన్ననే చేరింది. సాల్ట్ లేక్ స్టూడియోలో పాత సినిమాల మీది గీతలను కంప్యూటర్‌లో తుడవడం ఆమె పని. ఆ రాత్రి వచ్చింది నలుపు తెలుపు కుటుంబ చిత్రం. అందులో బామ్మ కనిపించిన ప్రతిసారీ ఒళ్లో తెల్లపిల్లి ఉంటుంది.

చివరి సీనులో బామ్మ గొంతుకు అడ్డంగా నాలుగు గీతలున్నాయి. ఫిల్ము మీది గీతలైతే నిలువుగా ఉంటాయి. ఇవి బామ్మ తల తిప్పితే గొంతుతోపాటు తిరిగాయి, నల్లగా కారాయి కూడా. మహిత వాటిని తుడిచేసింది. ఆపైన అనుమానం వచ్చి, పగటి షిఫ్టు సాయివర్ధన్‌కు ఫోన్ చేసింది.

"గొంతు మీదివా? ముట్టకు. కెరోలిన్ తుడిచినంక మళ్ల వచ్చినయి అవి."

"తను మానేసింది కదా?"

"మానెయ్యలే. అవి తుడిచిన తెల్లారి పొద్దుగాల నేనొచ్చేసరికి ఆ కుర్చీలనే ఉన్నది, గొంతు చీరుకపోయి. అద్దం ముక్కతోటి కోసుకుందన్నరు. ఆ గదిల అద్దమే లేదు మహితా."

మహిత తెరకేసి చూసింది. బామ్మ గొంతు శుభ్రంగా ఉంది. ఒడి ఖాళీగా ఉంది. బామ్మ సూటిగా ఆమెనే చూస్తూ, దేన్నో ఉసిగొల్పినట్టు చేయి ఆడించింది.

టేబుల్ కింది చీకట్లోంచి వెచ్చని బరువొకటి మహిత ఒళ్లోకి ఎక్కింది. గోళ్లు తొడలోకి దిగాయి. తర్వాత అది మెల్లగా పైకి పాకసాగింది.