ఇన్నయ్య ఒట్టు

“మళ్ల మందేసినవా ఇన్నయ్యా? బిడ్డ తలమీద చెయ్యి పెట్టి ఒట్టేసి నెల గూడ కాలే గదనే!”

యూనివర్సిటీ లైబ్రరీలో తోటి ఉద్యోగి నరహరి గొంతు ఖంగుమంది. పై అరలోని పుస్తకం కోసం తలెత్తిన అటెండరు ఇన్నయ్య, ఆ పుస్తకంతో సహా నేలమీద పడి ఉన్నాడు. పక్క హాల్లో చదువుకుంటున్న అతని కూతురు సుప్రజ పరుగెత్తుకొచ్చింది. చుట్టూ మూగినవాళ్లు ఆమెకు దారి ఇచ్చి, ముసిముసిగా నవ్వుకున్నారు.

“తాగలే బిడ్డా. తలకాయ ఎత్తంగనే అంతా గిర్రున తిరిగింది.”

“నా తలమీద ఒట్టంటే గింతేనా నాయినా?” సుప్రజ తండ్రిని లేపి కూర్చోబెట్టింది.

“తాగినోడు తాగిన అంటడా బిడ్డా!” అన్నాడు నరహరి.

“నడువు నాయినా, తార్నాక దవాఖానకు పోదాం. తాగినవో లేదో డాక్టరమ్మే చెప్తది. తాగినవని తేలితే ఇగ నాతోని మాట్లాడకు.”

ఆటోలో సుప్రజ రెండుసార్లు తండ్రి వైపు వంగి వాసన చూసింది. బీడీ వాసన తప్ప ఇంకేమీ రాలేదు. అయినా మనసు నిలవలేదు.

డాక్టరు బీపీ చూసింది. కళ్లలోకి లైటు వేసింది. “పెద్దాయనా, మెల్లగా పైకి చూడండి” అంది.

ఇన్నయ్య ఫ్యాను వైపు చూశాడో లేదో, రెండు చేతులా బల్ల పట్టుకున్నాడు. “తిరుగుతున్నది డాక్టరమ్మా!”

“చాలు, తల దించండి. మెడకు స్కాను తీద్దాం.”

గంటసేపు బయట బెంచీమీద కూర్చున్నారు.

“మెదడు వెనక భాగానికి రక్తం తీసుకెళ్లే నాళం మెడ దగ్గర సన్నబడింది” అంది డాక్టరు స్కాను చూసి. “తల వెనక్కి వంచితే అది ఇంకా నొక్కుకుపోతుంది. ఆ కాసేపు మెదడుకు రక్తం చాలక కళ్లు తిరుగుతున్నాయి.”

“అంటే... తాగుడు వల్ల కాదా మేడమ్?”

“తాగుడేంటమ్మా! సమయానికి తీసుకొచ్చావు. మాత్రలు రోజూ వేసుకోవాలి, బీడీలు మానాలి, పై అరల పని ఇంకొకరు చూసుకోవాలి. భయం లేదు.”

సుప్రజకు గుండెల మీంచి బండ దిగినట్టయింది. మందుల షాపు మెట్లు దిగుతూ తండ్రి చెయ్యి పట్టుకుంది. కళ్లలో నీళ్లు, పెదాల మీద నవ్వు.

“మాఫ్ చెయ్యి నాయినా. నువ్వు ఒట్టు తప్పలే. నా కోసం ఒక్క మాట మీద తాగుడు బంద్ చేసినవ్. ఎంతమంది చేస్తరట్ల!”

ఇన్నయ్య ఆగిపోయాడు. మాత్రల కవరు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

“బంద్ చేసుడేంది బిడ్డా, పోయిన నెల గూడ గిట్లనే కండ్లు తిరిగినయ్. నేను ఎన్నడు తాగనే లేదంటే ఒక్కలు నమ్మకపోతిరి. ఇగ తాగనని ఒట్టేస్తే అందరూ నమ్మిన్రు.”