ఎడంచేత్తో ఇచ్చిన రిపోర్టు

"ఎడంచేత్తో ఇస్తారేంటండీ?" అని విసుక్కున్నాడు రాజారావు.

మేడ్చల్ రోడ్డు మీద డయాగ్నస్టిక్ సెంటర్లో భార్య పద్మజ రిపోర్టు అప్పుడే చేతికొచ్చింది. ఆ కంగారులో జారి కింద పడితే, పక్క కుర్చీలోని ముసలాయన వంగి తీశాడు. తీసినవాడు ఊరికే ఇచ్చాడా? మొత్తం చదివాడు. చదివి ఎడంచెయ్యి చాపాడు. కుడిచెయ్యి ప్యాంటు జేబులోంచి బయటికి రానేలేదు.

నలిగిన చొక్కా, మాసిన గడ్డం. మాట కూడా ముద్దముద్దగా వస్తోంది.

"గీ రిపోర్టు నమ్మకు సార్. ఇంకోతాన పరీక్ష చేయించు."

రాజారావుకి ఒళ్లు మండింది. పద్మజ రొమ్ములో గడ్డ కనిపించిన నాటి నుంచీ అతనికి కంటి మీద కునుకు లేదు. ఇవాళ సూది పరీక్షలో భయపడాల్సిందేమీ లేదని తేలింది. కింద డాక్టర్ వహాబ్ సంతకం కూడా ఉంది. పైగా సెంటరు ఎవరిది? హేమచంద్‌ది. తమలాగే తణుకు వైపు వాడు, కొంపల్లిలో తమ కాలనీయే, పద్మజని నోరారా వదినా అని పిలుస్తాడు. ఇంకేం కావాలి?

"రిపోర్టుకేమైంది? డాక్టర్ గారి సంతకం కనబడట్లేదా?"

"సంతకం కాదది, బొమ్మ." ముసలాయన ఒళ్లోంచి ఇంకో రిపోర్టు తీశాడు. "ఇది మా పక్కింటామెది. రెండూ ఒకదాని మీదొకటి పెట్టి వెలుతుర్ల చూడు. ఎంట్రుకంత తేడా సుత లేదు. మనిషి చెయ్యి రెండుసార్లు ఒక్క తీరు రాస్తదా?"

"కంప్యూటర్లో పెడతారండీ. మా ఆఫీసులో మేనేజరు గారి సంతకమూ అలాగే వస్తుంది. చెల్లుతుందని చట్టమే వచ్చిందిగా!"

"పెట్టినోడు ఒప్పుకుంటే గద సార్ చెల్లేది! డాక్టరు సంతకమంటే, నా కండ్లతో చూసిన అని జబాన్ ఇచ్చుడు, మాటిచ్చుడు. దీన్నైతే ఎవరూ చూడలే. ఆ సంతకం నా..."

మాట నాలుక మీదే చిక్కుకుంది. అంతలో లోపలి గదిలోంచి హేమచంద్ వచ్చాడు. ముసలాయన్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఒక్క క్షణం మొహంలో నెత్తుటి చుక్క లేదు. తర్వాత తేరుకుని నవ్వేశాడు.

"మళ్లీ తాగొచ్చాడా ఈయన? పట్టించుకోకు అన్నయ్యా. వచ్చినవాళ్లందర్నీ ఇలాగే బెదరగొడుతుంటాడు."

"నేను తాగలే..." ముసలాయన లేవబోయాడు. కాలు తడబడింది.

ఆ తడబాటుతో రాజారావుకి నమ్మకం కుదిరిపోయింది. తనే రెక్క పట్టుకుని ఆయన్ని మెట్లు దింపాడు.

"ఇంకోసారి కనిపిస్తే పోలీసుల్ని పిలుస్తా!"

ముసలాయన రోడ్డు మీద నిలబడి వెనక్కి చూశాడు.

"ఆడమనిషిని ఆగం చేయకు బిడ్డా."

ఇంటికెళ్లి రిపోర్టు చూపిస్తే పద్మజ ఎన్నాళ్లకో నవ్వింది. ఆ సాయంత్రమే హేమచంద్ వాళ్లింటికి పూతరేకులు పంపించింది.

వానాకాలం వచ్చేసరికి గడ్డ చంకలోకి పాకింది. సిటీలో పెద్దాసుపత్రి డాక్టరమ్మ సూది పరీక్ష నాటి పాత స్లైడు తెప్పించి చూసింది.

"దీన్ని చూసిన డాక్టరెవరూ ఏమీ లేదని రాయరండీ. అప్పుడే వచ్చి ఉంటే ఇంత దూరం రానిచ్చేవాళ్లం కాదు."

రాజారావు నేరుగా హేమచంద్ ఇంటికెళ్లాడు. ఈసారి అన్నయ్య లేదు, వదిన లేదు.

"రిపోర్టు మీద సంతకం ఎవరిదండీ? వహాబ్ గారిది. వెళ్లి ఆయన్నడగండి. నాకేం సంబంధం?"

పూతరేకులు తిన్న నోటితోనే ఆ మాటన్నాడు. ఇతని సంగతి తర్వాత చూద్దామనుకున్నాడు రాజారావు. ముందు ఆ డాక్టరు సంగతి తేల్చాలి. చూడకుండా సంతకం ఎలా పెట్టాడో కాలరు పట్టుకుని అడగాలి. అడ్రసు వెతుక్కుంటూ కౌకూర్లో వహాబ్ ఇంటికి వెళ్లాడు.

తలుపు తీసినామె డాక్టరు కూతురట, నజ్‌నీన్.

"వహాబ్‌ని పిలవండి! మొన్న ఎండాకాలంలో మా ఆవిడ రిపోర్టు మీద ఆయన పెట్టిన సంతకం గురించి అడగాలి!"

నజ్‌నీన్ అతని మొహంలోకి వింతగా చూసింది.

"మొన్న ఎండాకాలమా? అబ్బాకు పక్షవాతం వచ్చి మస్తు రోజులాయె అన్నా. కుడిచెయ్యి లేవదు, మాట సుత సక్కగ రాదు. ఆ సెంటర్ల కొలువు గప్పుడే ఇడిచిపెట్టిండు. ఇగ సంతకమెట్ల పెడ్తడు?"

రాజారావు చేతిలోని రిపోర్టు మీద సంతకం వైపు చూశాడు.

ఆమె వెనక కర్టెన్ కదిలింది, గోడ పట్టుకుంటూ వచ్చిన డాక్టర్ వహాబ్ అతన్ని గుర్తుపట్టి, ఎడంచేత్తో కుర్చీ ముందుకు జరిపి, ముద్దముద్దగా అడిగాడు, "ఆమెకెట్లున్నది బిడ్డా?"