తొమ్మిదో ప్రశ్న

"ఈ వాహనానికి గతంలో ప్రమాదాలు, పెద్ద లోపాలు, రిపేర్లు ఏమైనా ఉన్నాయా? ఉంటే వివరించండి."

పాత కారు ఇచ్చి కొత్తది తీసుకోవడానికి షోరూంవాళ్లిచ్చిన ఫారంలో తొమ్మిదో ప్రశ్న అది. పొద్దస్తమానం జనం చేత సన్నక్షరాలు చదివించే కళ్లజోళ్ల షాపాయనకి ఆ ఒక్క లైనూ అలుక్కుపోయినట్టు కనిపించింది.

పక్క కుర్చీలో భార్య కొత్త కార్ల రంగుల పుస్తకం తిరగేస్తోంది. ఏడేళ్ల కూతురు నీలం కారే కావాలని అప్పటికి పదోసారి చెప్పింది.

ఆయన "లేవు" అని రాశాడు. దాని కిందే ఇంకో వాక్యం ఉంది. వివరాలు తప్పని తేలితే కేసు పెడతారట. కళ్లు మూసుకుని సంతకం గీకేశాడు.

ఎందుకు లేవూ? ఉన్నాయి.

రెండు నెలల కిందట వంతెన దిగుతుంటే బ్రేకు పెడలు అడుగుదాకా దిగిపోయింది. కారు ఆగలేదు. ఎదురుగా బస్సు. హ్యాండ్‌బ్రేకు లాగితే జానెడు దూరంలో ఆగింది. వెనక సీట్లో కూతురు నిద్రపోతోంది. ఆ పూట ఆయన ఇంటికి నడిచే వచ్చాడు, పిల్లని భుజాన వేసుకుని.

బావమరిదికి సొంత గ్యారేజీ ఉంది. కారు మూడు రోజులు ఉంచుకున్నాడు. "బ్రేకు మాస్టర్ సిలిండరు పోయింది బావా. అప్పుడప్పుడు ఇలాగే చెయ్యిచ్చేసి, మళ్లీ మామూలుగా పనిచేస్తుంది. పీకేసి కొత్తది బిగించాను. ఇంక నిశ్చింతగా తిరగండి" అన్నాడు.

తిరుగుతున్నారు. కారు బాగానే ఆగుతోంది. కానీ బ్రేకు మీద కాలు పెట్టిన ప్రతిసారీ ఆయనకి గుండె ఆగినంత పనవుతోంది. ఈ కారులో పెళ్లాం పిల్ల ఇంకొక్క రోజు తిరిగినా తను బతకలేననిపించింది. మార్చేద్దామని పట్టుబట్టాడు.

"మా తమ్ముడు బాగు చేశాక కూడా భయమేమిటండీ, చోద్యం కాకపోతే!" అని భార్య నవ్వింది.

ఆ తమ్ముడు మాత్రం నిన్న రెండుసార్లు ఫోన్ చేశాడు. "బ్రేకు సంగతి అక్కడ ఎత్తొద్దు బావా. ఎవరు చేశారు, ఏం వేశారని వంద ఆరాలు తీస్తారు. బేరం చెడుతుంది. నా పేరు అసలే వద్దు."

అబద్ధమాడొద్దని కూతురికి రోజూ చెప్పే మనిషే ఇప్పుడు అబద్ధం రాసి సంతకం పెట్టాడు.

కారు తనిఖీ చేసే మెకానిక్కు వచ్చాడు. నెరిసిన మీసం, నుదుటికి కట్టిన లైటు. తలుపులు వేలి కణుపులతో కొట్టి చూశాడు. బానెట్ ఎత్తి నడుం దాకా లోపలికి వంగిపోయాడు. లైటు అక్కడా ఇక్కడా తిరిగి ఒక్కచోట ఆగింది. సరిగ్గా బ్రేకు వైపు!

"బ్రేకులెలా ఉంటాయి సార్?"

"బ్రేకులా? బ్రేకులకేం? బ్రహ్మాండంగా ఉంటాయి! ప్రత్యేకించి బ్రేకుల గురించే ఎందుకడిగారు?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే.

"అందరినీ అడుగుతాను సార్" అన్నాడు మెకానిక్కు. ఆవరణలోనే రెండు చుట్లు తిప్పాడు. ఆగాల్సినచోట ఆగింది. ఏదో రాసుకుని లోపలికి వెళ్లిపోయాడు.

అప్పుడే కౌంటర్‌లో అమ్మాయి పిలిచింది. "రెండో తాళంచెవి కూడా ఇవ్వాలి సార్. అది లేకపోతే ఈరోజు పని కాదు."

"ఇంట్లో బీరువాలో ఉంది. నేను తెస్తానుండండి" అంటూ భార్య లేచింది. "వంతెన అవతలేగా, అరగంటలో వచ్చేస్తాను. మీరు కాసిని మంచినీళ్లు తాగండి. మొహం చూడండి, ఎలా పాలిపోయిందో!"

"అమ్మా, నేనూ!" అంటూ కూతురు కూడా ఆ పాత కారే ఎక్కేసింది.

ఆయన ఆపలేదు. దొరికిపోతే పెళ్లాం పిల్ల ఎదురుగా దొరకడం కన్నా అదే నయమనుకున్నాడు.

గోడ గడియారం కదలనని మొరాయించింది. ఆయన ఆరు గ్లాసుల నీళ్లు తాగాడు. కేసంటే పోలీసులొస్తారా? షాపుకే వస్తారా? చూపు పరీక్షకి వచ్చినవాళ్లందరి ముందూ చొక్కా పట్టుకుని లాక్కెళతారా?

ఫోన్ మోగింది. కూతురు.

"నాన్నా! తాళంచెవి దొరికింది! వచ్చేస్తున్నాం. అమ్మ వంతెన ఎక్కించేసింది!"

"సరే అమ్మలూ, జాగ్రత్త" అని పెట్టేశాడు. ఎదురుగా మెకానిక్కు. చేతిలో ఫారం.

"ఇది నింపింది మీరేనా సార్?"

"ఆ..."

"తొమ్మిదో ప్రశ్నకి 'లేవు' అని రాసిందీ మీరేనా?"

ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి. తలూపాడు.

మెకానిక్కు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను. ఈ ప్రశ్నకి అందరూ 'లేవు' అనే రాస్తారు. నేను బానెట్ ఎత్తి చూసి అబద్ధమని తేలుస్తాను. కంపెనీలో నట్లు బిగించాక వాటి మీద పసుపురంగు గీత పెడతారు సార్. స్పానర్ పెట్టి ఒక్కసారి తిప్పితే చాలు, ఆ గీత చెదిరిపోతుంది. ఎంత మొనగాడు రిపేరు చేసినా అక్కడ దొరికిపోతాడు."

ఆయన ఇంక తట్టుకోలేకపోయాడు. రెండు చేతులూ జోడించాడు. "అయ్యా, తప్పయిపోయింది, నేను..."

మెకానిక్కు వినిపించుకోలేదు. ఆ జోడించిన చేతుల్నే పట్టుకుని, సంతోషంగా ఊపుతూ అన్నాడు:

"మీరు రాసింది మాత్రం అక్షరాలా నిజం సార్, మీ బ్రేకు మాస్టర్ సిలిండరు కంపెనీవాళ్లు బిగించినదే, ఇంతవరకూ దాన్ని ఎవరూ విప్పనే లేదు!"