ఆడికృత్తిక నోటీసు

తాపీమేస్త్రీ తాడు పట్టుకుని మౌనస్వామి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. బాసింపట్టు వేసుకుని కూర్చున్న స్వామికి నేల నుంచి నడినెత్తి దాకా ఒక కొలత. ఈ మోకాలి నుంచి ఆ మోకాలికి ఇంకొకటి. కొలిచిన చోటల్లా తాడుకు ముడి వేసుకుని, కళ్ళకద్దుకుని, వెనక్కి వెనక్కి నడుస్తూ వెళ్ళిపోయాడు.

తలుపు పడగానే స్వామి నోరు తెరిచాడు.

"ఇదెందుకయ్యా?"

"ద్వారకనాథ్ నాయుడుగారు మంటపం కట్టిస్తా ఉండారు గదా," అన్నాడు జయరామయ్య. "దాంట్లో నువ్వే ఉండాల."

తన విగ్రహమా! స్వామి వేషంలో ఉన్న వేలాయుధానికి నవ్వొచ్చింది.

ఏడాది కిందట అతను శోళవరం పక్క పల్లెలో నేతగాడు. మిల్లు గుడ్డ వచ్చి మగ్గం మూలపడింది. పని వెతుక్కుంటూ వచ్చి తిరువళ్ళూరు స్టేషను బయట కూలబడి ఉంటే జయరామయ్య కంటబడ్డాడు. గుండెల దాకా గడ్డం, పెద్ద కళ్ళు, మగ్గం గుంటలో పూటలకు పూటలు కదలకుండా కూర్చున్న ఒళ్ళు.

"మంత్రాలొస్తాయా?"

"రావయ్యా."

"చదువు?"

"వేలిముద్రే."

"మంచిది. నువ్వు నోరు తెరవొద్దు. ఎవరేం అడిగినా తల ఊపు. మిగతాదంతా నా నోటీసు మాట్లాడతాది."

జయరామయ్య నోటీసు ఉత్త కాగితం కాదు. స్టేషను ఎదురుగా ఒంటిగదిలో 'జయరామ ప్రచార కార్యాలయం' అని బోర్డు కట్టి అప్పటికి ఆరేళ్ళు. మొదట ఒక తలనూనెకు పేరు తెచ్చాడు. తర్వాత మూతపడబోయిన నాటకం కంపెనీకి. ఆ తర్వాత ముప్ఫై ఆరులో, సొంత వీధిలో ఎవరూ పలకరించని ఒకాయన్ని ఎన్నికల్లో గెలిపించాడు. ఒక పక్క తెలుగు, ఒక పక్క అరవం అచ్చేసి, కడంబత్తూరులో, తిరువాలంగాడులో ఆగిన రైలు పెట్టెల్లోకి కట్టలు కట్టలు విసిరించేవాడు. చదివినవాడు చదవనివాడికి చెప్పేవాడు. జయరామయ్య అచ్చేశాడంటే అయినట్టే అని జనం అనుకునేదాకా వచ్చింది.

తిరుత్తణి కొండ కింద ద్వారకనాథ్ నాయుడు కట్టిన కొత్త సత్రం వైపు మాత్రం ఒక్క యాత్రికుడూ తిరిగి చూడలేదు. నాయుడు జయరామయ్యకు కబురుపెట్టాడు. నెల తిరక్కుండా సత్రం వెనక మామిడితోపులో మౌనస్వామి వెలిశాడు. హిమాలయాల నుంచి నడిచొచ్చాడని ఒక నోటీసు. మూడు తరాలుగా వయసు మళ్ళలేదని ఇంకొకటి. సత్రంలో కాలు పెట్టడానికి చోటు లేకుండా పోయింది.

అయినా నాయుడికి దిగులు తీరలేదు. ఒకనాడు స్వామి ముందే, అక్కడున్నది మనిషి కాదు చెట్టన్నట్టు మాట్లాడాడు.

"ఈ జనం ఎన్నాళ్ళొస్తారు జయరామా? యాడో ఒకచోట ఈయప్ప నోరు జారితే మన పరువు గంగలో కలుస్తాది."

"ఆ భయం పెట్టుకోవద్దండి. మీ మనవళ్ళ కాలానికి గూడా వచ్చేటట్టు చేస్తాను."

వేలాయుధానికి ఇవేవీ పట్టలేదు. అతనికి మాట్లాడాలని ఉంది. పెళ్ళాం వజ్రమ్మతో ఒకపూటంతా పోట్లాడాలని ఉంది. నిద్రలో ఎక్కడ మాటలు పైకి వస్తాయేమోనని పళ్ళు బిగించి పడుకునేవాడు.

"ఇంకెన్నాళ్ళయ్యా నాకీ కర్మ?"

జయరామయ్య అతని భుజం తట్టాడు. "కొండ మీద ఆడికృత్తిక పండగతో నీ పని అయిపోతాది వేలాయుధం. ఆపైన నిన్ను మాట్లాడొద్దనేవాడు ఎవుడూ ఉండడు."

ఆ మాట పట్టుకుని రోజులు నెట్టుకొచ్చాడు. ఇరవై రోజులుగా అన్నం మానిపించారు, పాలు మాత్రమే. స్వామి చిక్కితేనే జనానికి గురి అన్నారు. సరే అన్నాడు. బండ్ల మీద ఉప్పు బస్తాలు, విభూతి బస్తాలు దిగాయి. పండగంటే అన్నదానాలు, అభిషేకాలు ఉంటాయి గదా అనుకున్నాడు. జనం తీరు కూడా మారింది. పోయిన నెల దాకా బిడ్డల కోసం, పంటల కోసం మొక్కినవాళ్ళు ఇప్పుడేమీ అడగడం లేదు. పాదాలు పట్టుకుని ఏడ్చి, స్వామి పైబట్టలో ఒక పీలిక చించుకుని పోతున్నారు.

కృత్తిక నాలుగు రోజులుందనగా ఎవరో ఆఫీసరు వచ్చాడు. బూట్లు బయటే విప్పి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సామీ, తప్పుగా అనుకోవద్దు. ఒక మాట అడిగేదానికి వచ్చినాను. ఇది మీ ఇష్టంతోనే జరగతా ఉందా?"

మంటపం సంగతి కాబోలనుకున్నాడు వేలాయుధం. జయరామయ్య వైపు చూశాడు. తల ఊపాడు.

ఆఫీసరు కాగితం మీద ఏదో రాసుకున్నాడు. సాష్టాంగపడి లేచి, మొహం పక్కకు తిప్పుకుని వెళ్ళిపోయాడు.

ఆడికృత్తిక తెల్లవారింది. కావళ్ళు కొండెక్కుతున్నాయి. తోపులో ఇసుక వేస్తే రాలడం లేదు. కొత్త నోటీసు చేతి నుంచి చేతికి పోతోంది. చదివినవాడల్లా తలెత్తి స్వామిని చూస్తున్నాడు. ఏం అచ్చేయించి ఉంటాడీ జయరామయ్య? స్వామి తిరిగి హిమాలయాలకు పోతున్నాడనే అయ్యుంటుంది. తాను ఇల్లు చేరే దారి అదే. సాయంత్రానికి శోళవరం. వజ్రమ్మ మొదట తిట్టే తిట్టేమిటో తలచుకుని, పెదవి కదలకుండా లోలోపలే నవ్వుకున్నాడు.

ముందు వరసలో అలిమేలమ్మ అనే ముసలమ్మ, పక్కనున్న పాతకాలపు బడిపంతులు శివరామయ్య చెయ్యి పట్టుకుంది.

"నాకు చూపానదు నాయినా. ఇంకోతూరి చదువు. సామి గూడా ఇంటాడు."

వేలాయుధం చెవి అటే పెట్టాడు. జయరామయ్య ముందుకు రాబోయి, జనం సందివ్వక ఆగిపోయాడు.

శివరామయ్య కళ్ళజోడు సర్దుకుని బడిలో చదివినట్టు గట్టిగా చదివాడు: "నేటి మధ్యాహ్నం పన్నెండు గంటలకు శ్రీ మౌనస్వామివారు తమ ఇష్టపూర్వకముగా, ప్రాణముతో ఉండగానే, మంటపము కింది సమాధిలో ప్రవేశించెదరు గనుక, భక్తులెల్లరు తలా ఒక పిడికెడు ఉప్పు, విభూతి స్వామివారి శిరస్సు మునుగువరకు వేసి తరించవలెను."